జల్లెడే చిరిగితే: వెంటిలేటర్‌పై ఉన్న న్యుమోనియా రోగి రక్తంలోకి గాలి

సంపాదకులకు నమస్కారం.

సెలైన్ గొట్టంలో ఆవగింజంత బుడగ కనబడితే చాలు, మంచం పక్కనున్న వాళ్లు కంగారుగా నర్సును పిలుస్తారు. పిలవడం మంచిదే. అయితే పెద్దవాళ్లలో చేతి సిరలోకి పోయిన అంత చిన్న బుడగ గుండె కుడివైపు గుండా ఊపిరితిత్తులకు చేరుతుంది. అక్కడి సన్నని కేశనాళికల్లో చిక్కుకుని, కాసేపటికి ఊపిరిలో కలిసి బయటికి పోతుంది. అంటే ఊపిరితిత్తి మనకు జల్లెడలా అడ్డుపడుతోందన్నమాట. ఆ జల్లెడే ఇన్ఫెక్షన్‌తో చిరిగి, ఆ చిరుగు మీద వెంటిలేటర్ ఒత్తిడితో గాలి కొడుతున్నప్పుడు ఏమవుతుందన్నది చాలా తక్కువగా మాట్లాడుకునే విషయం. ఐసీయూల్లో పనిచేసే వైద్యులుగా, నర్సులుగా దాని గురించే ఈ ఉత్తరం రాస్తున్నాం. వెంటిలేటర్ మీద భయం పెంచడానికి కాదు. తీవ్రమైన న్యుమోనియాలో ఆ యంత్రం లేకపోతే ప్రాణం నిలవదు. కానీ దాన్ని ఎంత ఒత్తిడితో నడుపుతున్నామన్నది మందు మోతాదు ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

ఊపిరితిత్తిలో గాలి ఉండే వాయుగోణికి, పక్కనే రక్తం పారే కేశనాళికకు మధ్య ఉన్న గోడ మైక్రాన్ కంటే పలచన. మామూలు న్యుమోనియాలో అక్కడ చీము, నీరు చేరతాయిగానీ గోడ చాలావరకు నిలబడుతుంది. కణజాలాన్ని కుళ్లబెట్టే రకం న్యుమోనియాలో అలా కాదు. స్టాఫిలోకాకస్, క్లెబ్సియెల్లా వంటి బ్యాక్టీరియా, మ్యూకర్ వంటి ఫంగస్, గుల్లలు చేసే క్షయ, ఊపిరితిత్తిలో చీముగడ్డ, ఇవన్నీ గాలిగదుల గోడల్నీ రక్తనాళాల గోడల్నీ కలిపి తినేస్తాయి. అప్పుడు శ్వాసనాళానికీ, గుండె ఎడమవైపుకు రక్తం తీసుకుపోయే పుపుస సిరకూ మధ్య నేరుగా సందు ఏర్పడవచ్చు.

సందు ఉన్నంత మాత్రాన గాలి రక్తంలోకి పోదు. ఏది ఎటు పోవాలో ఒత్తిడి నిర్ణయిస్తుంది. మనంతట మనం ఊపిరి తీసుకునేటప్పుడు వాయుగోణుల్లో ఒత్తిడి బయటి గాలి కంటే ఒకటి రెండు సెంటీమీటర్ల నీరు (ఒత్తిడిని నీటి మట్టం ఎత్తుతో చెప్పే కొలత) మేర తగ్గుతుంది, వదిలేటప్పుడు అంతే పెరుగుతుంది. పుపుస సిరల్లో ఒత్తిడి సుమారు 8 నుంచి 16 సెంటీమీటర్ల నీరు. కాబట్టి రక్తమే గాలి వైపు కారుతుంది, రోగి దగ్గులో రక్తం పడుతుంది. అదే రోగికి ట్యూబ్ వేసి వెంటిలేటర్‌కు కలిపితే లెక్క తిరగబడుతుంది. యంత్రం నెట్టే ప్రతి శ్వాస చివర వాయుగోణుల్లో ఒత్తిడి 25, 28, 30 దాకా పోతుంది. ఆ ఒత్తిడిలో కొంత సిరలకూ చేరుతుంది, నిజమే. కానీ గట్టిపడిన ఊపిరితిత్తిలో అది పూర్తిగా చేరదు. ఇప్పుడు గాలే రక్తంలోకి తోసుకుపోతుంది.

అందుకే దగ్గులో రక్తం పడుతున్న రోగికి ట్యూబ్ వేయబోయే ముందు ఈ ప్రమాదాన్ని మనసులో పెట్టుకోవాలి. రక్తం బయటికి రాగలిగిన సందులోంచి గాలి లోపలికీ పోగలదు.

ఇంకో రెండు సంగతులు గాలికీ సిరకూ మధ్య ఈ ఒత్తిడి తేడాను పెంచుతాయి. ఒకటి, ఒంట్లో నీరు తక్కువగా ఉండడం. సెప్సిస్‌తో (ఒళ్లంతటినీ దెబ్బతీసే ఇన్ఫెక్షన్‌తో), జ్వరంతో ఎండిపోయిన రోగిలో సిరల ఒత్తిడి పడిపోతుంది, అదే వెంటిలేటర్ సెట్టింగ్ అతనికి మరింత ప్రమాదకరమవుతుంది. ఊపిరితిత్తులు తడిసిన రోగికి నీళ్లు తక్కువ ఇవ్వాలన్న నియమం సరైనదే, అయితే అది బీపీ కుదురుకున్నాక పాటించాల్సింది. రెండోది ఎత్తు. పుండు గుండె కంటే ఎంత ఎత్తులో ఉంటే అక్కడి సిరలో ఒత్తిడి అంత తగ్గుతుంది, సెంటీమీటర్ ఎత్తుకు సుమారు ఒక సెంటీమీటర్ నీరు చొప్పున. క్షయ గుల్లలు ఎక్కువగా ఊపిరితిత్తి పైభాగంలోనే ఉంటాయి. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచడం వెంటిలేటర్ న్యుమోనియాను ఆపడానికి అవసరం, దాన్ని మానమని చెప్పడం లేదు. గాలి పోతోందన్న అనుమానం వచ్చిన క్షణంలో మాత్రం మంచం చదును చేయాలి.

సిర ద్వారా వచ్చే గాలికీ దీనికీ తేడా ఇక్కడే. పెద్ద సిరలోకి ఒక్కసారిగా 200 నుంచి 300 మిల్లీలీటర్ల గాలి పోతే ప్రాణం పోతుంది, ఎందుకంటే కుడి జఠరిక ఆ నురగను ముందుకు నెట్టలేక ఆగిపోతుంది. పుపుస సిరలోంచి పోయే గాలి నేరుగా ఎడమ గుండెకు, అక్కడి నుంచి మెదడుకు, గుండె సొంత ధమనులకు పోతుంది. దారిలో వడపోత లేదు. మెదడు ధమనుల్లో రెండు మూడు మిల్లీలీటర్లు చాలు ప్రాణం తీయడానికి. గుండె ధమనిలో అయితే ఒక మిల్లీలీటరు, అర మిల్లీలీటరు కూడా గుండెను ఆపగలదు.

ఇది అరుదైన చిక్కే. కానీ వచ్చినప్పుడు వేరే పేర్లతో వస్తుంది. మత్తులో ఉన్న రోగి చెయ్యి కదలట్లేదని చెప్పలేడు. ఉన్నట్టుండి బీపీ పడితే ‘సెప్టిక్ షాక్ ముదిరింది’ అంటాం. ఫిట్స్ వస్తే జ్వరం మీదికి, మందుల మీదికి నెడతాం. మత్తు ఆపినా మెలకువ రాకపోతే ‘ఇంకా మందు దిగలేదు’ అని ఆగుతాం. ఈసీజీలో గుండె కింది భాగాన్ని చూపే రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్టీ గీత పైకి లేస్తే గుండెపోటు అని రాస్తాం. వెల్లకిలా పడుకున్న మనిషిలో కుడి కరోనరీ ధమని ద్వారం పైకి, అంటే ముందు వైపుకు ఉంటుంది. తేలే బుడగ ఆ దారిలోనే పోతుంది. అందుకే ఆ లీడ్లలోనే మార్పు కనబడుతుంది, గుండె వేగం కూడా మందగిస్తుంది. కొన్ని నిమిషాల్లో ఈసీజీ మళ్లీ మామూలుగా మారవచ్చు. ఇది తెలియక గడ్డ కరిగించే మందు ఇస్తే, కుళ్లుతున్న ఊపిరితిత్తిలో రక్తస్రావం మొదలవుతుంది. పేరు తప్పు పెట్టడం వల్ల జరిగే నష్టాల్లో ఇది చాలా పెద్దది.

గుర్తుపట్టడానికి కొన్ని ఆనవాళ్లున్నాయి. అన్నిటికంటే నమ్మదగినది ధమని నుంచి తీసిన రక్తంలో నురగ. ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష) కోసం గట్టిగా బిగించిన సిరంజిలోకి రక్తంతో పాటు బుడగలు వస్తున్నాయంటే, ముందు సిరంజి బిగింపు, త్రీవే (మూడు మూతుల గొట్టం) అతుకు చూడాలి. అవి సరిగ్గా ఉంటే ఇక ఆలోచించనక్కర్లేదు, గాలి ధమనుల్లో ఉంది. చర్మం మీద, ముఖ్యంగా ఛాతీ పైభాగంలో, పాలరాతి చారల్లా మచ్చలు లేవడం, నాలుక మీద ఒక వైపు పాలిపోయిన మచ్చ పడడం, కంటి వెనక రెటీనా నాళాల్లో బుడగలు కనబడడం కూడా గుర్తులే. ఎకో (గుండె అల్ట్రాసౌండ్) ప్రోబ్ పెడితే ఎడమ కర్ణికలో, ఎడమ జఠరికలో మెరిసే చుక్కలు పరుగెత్తుతూ కనిపిస్తాయి. మంచం దగ్గరే చేయగల పరీక్ష కాబట్టి మొదట దీన్నే చేయాలి.

సీటీ స్కాన్ సంగతి వేరు. మెదడు మడతల వెంట నల్లని చుక్కలుగా గాలి కనబడితే నిర్ధారణ అయినట్టే. కానీ గాలి కొన్ని గంటల్లో ఇంకిపోతుంది, ఆలస్యంగా తీసిన స్కాన్ శుభ్రంగా ఉందని ‘గాలి లేదు’ అని తేల్చకూడదు. పైగా స్కాన్‌కు తీసుకెళ్లే దారిలో చాలాచోట్ల ఆంబు బ్యాగ్‌తో (చేత్తో పిండే గాలి సంచితో) ఊపిరి నొక్కుతారు. ఆ బ్యాగ్‌కు ప్రెషర్ మీటర్ ఉండదు. పెద్దల బ్యాగ్‌ను కంగారులో రెండు చేతులా పిండితే ఎంత ఒత్తిడి పోతోందో పిండేవాళ్లకు తెలియదు. ఇలాంటి రోగిని ట్రాన్స్‌పోర్ట్ వెంటిలేటర్ మీదే కదపాలి. అది లేకపోతే బ్యాగ్‌కు ప్రెషర్ మీటర్, పీప్ (ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తిలో నిలిపి ఉంచే కొద్ది ఒత్తిడి) వాల్వ్ తగిలించి, ఒక చేత్తో, ఛాతీ లేచీలేవనట్టు మాత్రమే నొక్కాలి.

ఇక ఒత్తిడి దగ్గరికి వద్దాం. నివారణ అంతా అక్కడే ఉంది. ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని ఆక్సిజన్ అందని స్థితి) రోగులపై 2000లో వచ్చిన ఏఆర్‌డీఎస్ నెట్‌వర్క్ అధ్యయనం ఒక్కో శ్వాసకు కిలోకు 12 మిల్లీలీటర్ల గాలి ఇచ్చినవారిలో 39.8 శాతం, 6 మిల్లీలీటర్లు ఇచ్చినవారిలో 31 శాతం మరణాలు చూపించింది. ఆ కిలో రోగి తక్కెడ మీద తూగే కిలో కాదు, ఎత్తును బట్టి లెక్కగట్టిన బరువు. మగవారికి 50కి, ఆడవారికి 45.5కి, ఎత్తు సెంటీమీటర్లలోంచి 152.4 తీసేసి మిగిలినదాన్ని 0.91తో గుణించి కలపాలి. 165 సెంటీమీటర్ల మగవారికి అది సుమారు 61.5 కిలోలు, శ్వాసకు 370 మిల్లీలీటర్లు. అదే మనిషి 90 కిలోలున్నాడని అసలు బరువుతో లెక్కేస్తే 540 అవుతుంది. మనిషి లావైతే ఊపిరితిత్తులు పెద్దవి కావు. టేపుతో ఎత్తు కొలిచి, లెక్కగట్టిన అంకెను వెంటిలేటర్ మీద అతికించడానికి రెండు నిమిషాలు పట్టదు. కంటి అంచనాతో నడిచే చోట్ల జరిగే తప్పు చాలాసార్లు ఎక్కువ వైపే ఉంటుంది.

వెంటిలేటర్ తెరమీద పెద్ద అక్షరాల్లో కనిపించేది పీక్ ప్రెషర్. ట్యూబ్‌లో కఫం అడ్డుపడినా అది పెరుగుతుంది. వాయుగోణి మీద పడేది ప్లాటో ప్రెషర్. శ్వాస చివర అర సెకను ఆపి కొలిస్తేగానీ అది తెలియదు. అది 30 దాటకూడదు. ఊపిరితిత్తిలో గుల్లలుంటే మేమైతే 25 దగ్గరే ఆగడానికి ప్రయత్నించమంటాం. ప్లాటోలోంచి పీప్ తీసేస్తే వచ్చే తేడా 15 లోపు ఉంచాలి. ఊపిరి పూర్తిగా బయటికి వదలకముందే తర్వాతి శ్వాస నెడితే లోపల దాగిన పీప్ పేరుకుపోతుంది, శ్వాస వేగం పెంచేటప్పుడు దాన్ని మర్చిపోకూడదు. ప్రతి నాలుగు గంటలకూ ప్లాటో కొలిచి చార్టులో రాయాలి. రాయని చోట కొలవడం కూడా ఆగిపోతుంది.

మూసుకుపోయిన ఊపిరితిత్తిని తెరవడానికి ఎక్కువ ఒత్తిడిని కొద్దిసేపు నిలిపి ఉంచే రిక్రూట్‌మెంట్ పద్ధతి ఒకటుంది. 2017లో వచ్చిన ఆర్ట్ అధ్యయనంలో ఆ పద్ధతిని ఎక్కువ పీప్‌తో కలిపి వాడినప్పుడు 28 రోజుల మరణాలు 49.3 నుంచి 55.3 శాతానికి పెరిగాయి. గుల్లలున్న, దగ్గులో రక్తం పడుతున్న ఊపిరితిత్తి మీద దాన్ని అసలు చేయకూడదని మా గట్టి అభిప్రాయం. తెరుచుకునేది మంచి భాగమో, చిరిగేది పాడైన భాగమో ఆ క్షణంలో ఎవరూ చూడలేరు.

ముందస్తు హెచ్చరిక కూడా ఒకటుంది. మెడ కింద, ఛాతీ మీద చర్మాన్ని నొక్కితే చిటచిటలాడుతుంటే, వాయుగోణులు ఇప్పటికే పగిలాయన్నమాట. పగిలిన చోటు నుంచి గాలి రక్తనాళాల తొడుగుల వెంట ఛాతీ మధ్యకు, అక్కడి నుంచి మెడకు పాకుతుంది. ఈ దారిని మాక్లిన్ దంపతులు 1944లో వివరించారు. ఆ చిటచిట వినబడిన రోజే వెంటిలేటర్ ఒత్తిడులు తగ్గించాలి, ఎక్స్‌రేలో న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) ఉందేమో చూడాలి. నెలలు నిండని శిశువుల్లో ఇదే గాలి ఊపిరితిత్తి కణజాలంలో బుడగలుగా పేరుకుని రక్తంలోకి దూకితే బొడ్డు ధమని గొట్టంలోంచి గాలి వస్తుంది. ఆ స్థితిలో బిడ్డ దక్కడం చాలా అరుదు, కాబట్టి అక్కడ చేయగలిగిందంతా ముందే చేయాలి.

గాలి రక్తంలోకి చేరే రెండో దారి, సిరల్లో మేం పెట్టే గొట్టాలే. ఒత్తిడి తేడా 5 సెంటీమీటర్ల నీరే అయినా, 14 గేజ్ లావు సూది రంధ్రం గుండా సెకనుకు 100 మిల్లీలీటర్ల దాకా గాలి పోగలదు. డయాలసిస్ క్యాథెటర్ రంధ్రం ఇంకా పెద్దది. పూర్తిగా వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు ఛాతీలో ఒత్తిడి ఎక్కువ కాబట్టి సిరల్లోకి గాలి పీల్చుకోవడం తక్కువ. ప్రమాదం రోగి కోలుకుని తనంతట తాను ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టినప్పుడు పెరుగుతుంది. మెడలోని సెంట్రల్ లైన్‌ను (పెద్ద సిరలో ఉంచే గొట్టాన్ని) ఆ రోజే, కుర్చీలో కూర్చోబెట్టి, వార్డుకు పంపే హడావిడిలో తీసేస్తుంటారు. అలా తీయకూడదు. చదునుగా పడుకోబెట్టాలి, వీలైతే తల కాస్త కిందికి ఉంచాలి. మెలకువగా ఉంటే ఊపిరి బిగబట్టి ముక్కమనాలి. వెంటిలేటర్ మీదే ఉంటే యంత్రం గాలి నెట్టే సమయంలో లాగాలి. వెంటనే కనీసం 5 నిమిషాలు అదిమి పట్టి, గాలి చొరని డ్రెస్సింగ్ వేసి 24 గంటలు ఉంచాలి, అరగంట పడుకోనివ్వాలి. మామూలు దూది, గాజుగుడ్డ చాలదు. క్యాథెటర్ వారాల తరబడి ఉంటే చర్మం నుంచి సిర దాకా సొరంగంలా దారి మిగులుతుంది, గాజుగుడ్డలోంచి గాలి దూరుతుంది.

లైను ఉన్నన్ని రోజులూ ప్రతి అతుకూ మెలితిప్పి బిగించే లూయర్ లాక్ రకమే వాడాలి, వాడని మూతిని క్లాంప్‌తో బిగించి మూయాలి. సగం అయిపోయిన సెలైన్ సంచిని మళ్లీ గుచ్చి ప్రెషర్ బ్యాగ్‌లో పెట్టి నొక్కకూడదు. సంచిలో మిగిలిన గాలి పదుల మిల్లీలీటర్లు ఉంటుంది, నీళ్లు అయిపోగానే అదే పోతుంది. ప్రతి నలుగురు పెద్దల్లో సుమారు ఒకరికి గుండె కర్ణికల మధ్య పుట్టుకతో మూసుకోని చిన్న సందు ఉంటుంది. వెంటిలేటర్ ఒత్తిడితో కుడివైపు భారం పెరిగితే అది తెరుచుకుని, సిరలోని బుడగ జల్లెడను తప్పించుకుని ఎడమవైపుకు దాటుతుంది. మొదట చెప్పిన ఆవగింజంత బుడగ అప్పుడు చిన్న విషయం కాదు. ధమనిలోని లైనును కడిగేటప్పుడు, గుండెలో రంధ్రమున్న పిల్లలకు సెలైన్ ఎక్కించేటప్పుడు కూడా అంతే.

అనుమానం వచ్చిన నిమిషంలో ఏం చేయాలి? ముందు అన్ని లైన్లూ క్లాంప్ చేసి అతుకులు చూడాలి. ఆక్సిజన్ 100 శాతానికి పెంచాలి. బుడగలో ఎక్కువ భాగం నైట్రోజన్, చుట్టూ రక్తంలో నైట్రోజన్ లేకుండా చేస్తే బుడగ త్వరగా కుంచించుకుపోతుంది. వెంటనే శ్వాస పరిమాణాన్ని, పీప్‌ను రోగి ఆక్సిజన్ తట్టుకున్నంత మేర తగ్గించాలి. కార్బన్ డయాక్సైడ్‌ను మాత్రం ఇష్టం వచ్చినంత పెరగనివ్వకూడదు, అది మెదడు నాళాలను ఉబ్బిస్తుంది. రోగిని చదునుగా పడుకోబెట్టాలి. తల కిందికి వంచడం పాత సలహా, ధమనుల్లో గాలి ఉన్నప్పుడు అది మెదడు వాపును పెంచుతుందే తప్ప బుడగను ఆపదు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టడం సిరల ద్వారా కుడి గుండెకు గాలి చేరినప్పుడు పనికొస్తుంది, అప్పుడు సెంట్రల్ లైనులోంచి గాలిని లాగి చూడవచ్చు. సెలైన్, నార్అడ్రినలిన్‌తో బీపీ నిలబెట్టాలి. ఇదే సమయంలో టెన్షన్ న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ చేరిన గాలి గుండెను నొక్కేసే స్థితి) లేదని చేత్తో, స్టెతస్కోప్‌తో, అల్ట్రాసౌండ్‌తో చూసుకోవాలి. అది ఇంతకంటే తరచుగా వస్తుంది, సూదితో నిమిషంలో తగ్గించగలిగినది.

రోగం ఒకే ఊపిరితిత్తిలో ఉంటే దాన్ని వెంటిలేటర్ నుంచి విడదీయడం అసలైన మార్గం. బ్రాంకోస్కోప్ (శ్వాసనాళంలోకి చూసే గొట్టం) సాయంతో ఆ వైపు బ్రాంకియల్ బ్లాకర్ (శ్వాసనాళాన్ని మూసే బెలూన్) పెట్టాలి, లేదా ట్యూబ్‌ను మంచి వైపుకు నెట్టాలి. కుడివైపుకు సులువుగా పోతుంది, ఎడమవైపుకు స్కోప్ కావాల్సిందే. రోగం ఉన్న వైపు కిందికి ఉండేలా తిప్పినా ఆ సిరల్లో ఒత్తిడి పెరిగి గాలి పోవడం తగ్గుతుంది. కానీ మంచి ఊపిరితిత్తి కింద ఉంటేనే ఆక్సిజన్ బాగుంటుంది. ఈ రెంటిలో ఏది ముఖ్యమో మంచం దగ్గరున్న వైద్యులే తేల్చాలి.

మెదడుకు గాలి చేరిందని తేలితే హైపర్‌బేరిక్ చాంబర్ (ఎక్కువ ఒత్తిడిలో ఆక్సిజన్ ఇచ్చే గది) గురించి ఆలోచించాలి. 2.8 అట్మాస్ఫియర్ల ఒత్తిడిలో బుడగ పరిమాణం మూడో వంతుకు దగ్గరగా తగ్గుతుంది. ఆరు గంటల్లోపు మొదలైతే ఫలితం ఎక్కువ, ఆ తర్వాత కూడా కొంత ఉండవచ్చు. లోపలికి పంపేముందు ట్యూబ్ కఫ్‌లోని (ట్యూబ్ చుట్టూ ఉండే బెలూన్‌లోని) గాలి తీసి సెలైన్ నింపాలి, లేకపోతే ఆ ఒత్తిడికి కఫ్ కుదించుకుని లీకవుతుంది. న్యూమోథొరాక్స్ ఉంటే ముందే ఛాతీలో గొట్టం వేయాలి. ఊపిరితిత్తిలో గాలి చిక్కుకున్న గుల్లలుంటే, బయటికి తెచ్చేటప్పుడు ఆ గాలి వ్యాకోచించి కొత్తగా చిరగవచ్చు. ఇన్ని చిక్కులున్నా, దగ్గర్లోని చాంబర్ ఎక్కడుందో, రాత్రివేళ ఎవరికి ఫోన్ చేయాలో రాసిన కాగితం ప్రతి ఐసీయూ గోడ మీదా ఉండాలి. అవసరం పడ్డాక వెతుక్కుంటూ కూర్చుంటే ఆ ఆరు గంటలూ అక్కడే అయిపోతాయి.

రోగి బంధువులకు ఒక్క మాట. మీరు అడగదగిన ప్రశ్నలున్నాయి: ‘ఎత్తు కొలిచారా? ఈ రోజు ప్లాటో ప్రెషర్ ఎంత?’ ఈ అంకెలు అడిగితే మంచి వైద్యులు నొచ్చుకోరు. వెంటిలేటర్ గొట్టాన్ని గానీ, త్రీవే మూతల్ని గానీ మీరు తాకవద్దు. మెడలో లైను తీసిన రోజున రోగి లేచి కూర్చోబోతే, అరగంట అయిందో లేదో నర్సును అడిగాకే కూర్చోనివ్వండి.

ఆఖరుగా సాటి వైద్యులకు, నర్సులకు ఒక విన్నపం. రోగి ఒక్కసారిగా కుప్పకూలినప్పుడు, అలారం నొక్కేసి సెట్టింగులు మార్చే ముందు, చివరిగా కొలిచిన ప్లాటో, ఆ క్షణంలో తెరమీదున్న పీప్, శ్వాస పరిమాణం, సమయం, రోగి ఏ భంగిమలో ఉన్నారు, అప్పుడే ఏ లైను ముట్టుకున్నారు అన్నవి పక్కన నిలబడ్డ ఒకరు రాసి పెట్టండి. మరణం సంభవించి శవపరీక్ష జరిగితే, గాలి కోసం చూడమని ముందే చెప్పండి. గుండెను నీళ్లలో ముంచి తెరిస్తేనే బుడగలు కనబడతాయి, ఆలస్యమైతే కుళ్లడం వల్ల పుట్టే వాయువుతో అది కలగలిసిపోతుంది.

ఇట్లు,
ఇంటెన్సివ్ కేర్ విభాగంలో పనిచేసే వైద్యులు, నర్సులు